మొరాయించిన నాలుగో తూటా

సిగ్నె కారు వెనక సీట్లోంచి రైఫిల్ సంచి తీసుకుని, తుపాకులు బాగుచేసే ఆర్వో పనిగది తలుపును భుజంతో నెట్టింది. జనవరిలో పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఎనిమిది వారాలు పట్నంలో ఆసుపత్రి మంచం మీద గడిపి, వసంతమూ వేసవీ రబ్బరు బంతి పిసుకుతూ కూర్చుని, ఒక్కొక్క వేలుగా ఆ చేతిని మళ్లీ పనిలోకి తెచ్చుకుంది. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోగలదు. బంగాళాదుంపలు చెక్కు తీయగలదు. రైఫిల్ కూడా పట్టుకోగలననే అనుకుంది, పోయిన వారం దాకా.

"ఏంటమ్మాయ్, వేట పది రోజుల్లో పెట్టుకుని దీన్ని నా నెత్తిన పడేస్తున్నావ్?" అన్నాడు ఆర్వో, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. రంపపు మిల్లులో పనికని ఫిన్లండ్ నుంచి వచ్చి, ఆ లోయలోనే ఎనభై నాలుగేళ్లవాడైన మనిషి. అరవై మూడేళ్ల సిగ్నెను అమ్మాయ్ అనేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే.

"అమ్మిపెట్టు ఆర్వో. ఎంతొస్తే అంతే."

"ఎందుకట?"

సిగ్నె బల్ల అంచు మీద కూర్చుంది. చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పింది. ప్రతి ఆగస్టులోలాగే వేట జట్టంతా గురి మైదానానికి వెళ్లారు. పట్టాల మీద పరుగెత్తే మూస్ అనే భారీ దుప్పి బొమ్మను వరసగా నాలుగు తూటాలతో కొట్టాలి. మూడు బాగానే కొట్టింది. నాలుగోది బోల్టు పిడి పట్టి ముందుకి తోస్తుంటే గొట్టంలోకి ఎక్కకుండా ఇరుక్కుపోయింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ ఇరుక్కుంది. మూడోసారీ అంతే.

"ఎవరైనా వెక్కిరించినా బాగుండేది. ఇరవై ఏళ్లుగా నన్ను ఆటపట్టించేవాళ్లంతా నోరు మూసుకుని బూట్లు చూసుకుంటూ నిలబడ్డారు. తోర్‌స్టెన్ కాఫీ పోసి చేతికిచ్చాడు, రోగికి ఇచ్చినట్టు."

తోర్‌స్టెన్ ఆ జట్టు నాయకుడు, ఆమెకు పొరుగువాడు. నిన్న సాయంత్రమే అతనికి ఫోన్ చేసి, వేటలో తను కాపు కాసే చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పింది. అతను ఒప్పుకోలేదు. ఆమె ఫోన్ పెట్టేసింది.

"రైఫిల్‌లో ఏ లోపమూ లేదు ఆర్వో. లోపం నా చేతిది."

"కావచ్చు. అయినా చూడకుండా ఏ సరుకూ అమ్మను. పేరు పోతుంది," అన్నాడు ముసలాయన.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి మరీ చూసుకున్నాడు. తర్వాత సొరుగులోంచి మందు లేని ఉత్తుత్తి తూటాలు నాలుగు తీసి, వాటి మీద ఎర్ర పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాడు. అవి మ్యాగజైన్‌లో, అంటే తూటాల అరలో, నింపి రైఫిల్ ఆమె చేతికిచ్చాడు.

"మైదానంలో లాగినట్టే లాగు. నేనిక్కడ లేననుకో."

సిగ్నె లాగింది, తోసింది. మొదటిది ఎక్కింది, బయటికి ఎగిరి నేల మీద పడింది. రెండోది, మూడోది కూడా. నాలుగోది ఇరుక్కుంది. ఆమె మొహం వాడిపోయింది.

"చూశావా?"

"చూశాను. నువ్వే చూడలేదు. ఇలా రా." ఆర్వో దీపాన్ని రైఫిల్ దగ్గరికి లాగాడు. తూటా ముక్కు కిందికి వంగి, గొట్టం నోటి కింది అంచుకు గుద్దుకుని ఆగి ఉంది. "బోల్టు నువ్వు సగమే వెనక్కి లాగి ఉంటే అది తూటా మీదుగా జారిపోయి గొట్టం ఖాళీగా ఉండేది. చేతిలో సత్తువ లేనివాళ్లు చేసే తప్పు అదీ. నువ్వు చివరిదాకా లాగావ్. తూటా వచ్చింది. వచ్చి తల దించుకుంది. ఇది వేరే రోగం."

తూటాల వరస మార్చి నింపాడు. ఈసారి రెండో నంబరుది ఆఖర్న వచ్చింది, అదే ఇరుక్కుంది. ఒక్క తూటా మాత్రమే పెట్టి చూశాడు. అదీ ఇరుక్కుంది. తర్వాత రైఫిల్ తన చేతుల్లోకి తీసుకుని తనే లాగాడు. ఆఖరిది మళ్లీ ఇరుక్కుంది.

"నీ చేతికి లెక్కలొచ్చా అమ్మాయ్?"

"అంటే?"

"చేతి తప్పయితే ఒకసారి రెండోదాని దగ్గర, ఒకసారి మూడోదాని దగ్గర తప్పాలి. మీ ఆసుపత్రివాళ్లు నీ వేళ్లకు సరిగ్గా ఆఖరిదాన్నే పట్టుకొమ్మని నేర్పి పంపారా? పైగా నా చేతిలోనూ అదే వరస. నాకేం పక్షవాతం రాలేదే!"

సిగ్నె తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది.

ఆర్వో మ్యాగజైన్ అడుగు మూత విప్పాడు. తూటాలను పైకెత్తే పలక, దాని కింద మడతలు మడతలుగా ఉన్న రేకు స్ప్రింగు బయటికొచ్చాయి. ఒక చూపు చూసి ఈల వేశాడు.

"తిరగేసి పెట్టారు. సన్నటి కొన పైన పలకలో ఉండాలి, వెడల్పు కొన కింద మూతలో ఉండాలి. ఇది తలకిందులుగా ఉంది. నిండుగా ఉన్నంతసేపూ పై తూటాలు ఎలాగో నెట్టుకొస్తాయి. ఆఖరిదానికి వచ్చేసరికి పలక ముందువైపు లేవడం లేదు. ఎవరు విప్పారు దీన్ని?"

"ఎవరూ విప్పలేదు. నేనైతే..." అంటూ ఆగిపోయింది సిగ్నె.

ఆమె ఆసుపత్రిలో ఉన్న ఎనిమిది వారాలూ తాళంచెవులు తోర్‌స్టెన్ దగ్గరే ఉన్నాయి. ఇంటి కప్పు మీద మంచు తోడింది అతనే. కుక్కకు తిండి పెట్టింది అతనే. నీటి గొట్టాలు గడ్డకట్టకుండా వారానికి మూడుసార్లు పొయ్యి రాజేసిందీ అతనే. మార్చిలో ఆమె ఇంటికి వచ్చిన రోజున, తలుపు తీస్తూ కాస్త సిగ్గుపడి అన్నాడు: "తుప్పు పడుతుందేమోనని నీ రైఫిల్ కూడా విప్పి నూనె పెట్టాను."

ఆర్వో స్ప్రింగును సరిగ్గా తిప్పి పెట్టి మూత బిగించాడు. సిగ్నె మళ్లీ లాగింది. నాలుగూ ఎక్కాయి, నాలుగూ నేల మీద దొర్లాయి. మళ్లీ నింపి లాగింది. మళ్లీ. ఆరోసారికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. ఆర్వో కిటికీ బయట ఏదో చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

"నా చెయ్యి బాగానే ఉంది," అంది, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు.

"అదే కదా ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను."

తోర్‌స్టెన్‌కు అక్కడి నుంచే ఫోన్ చేసింది. దాచిపెట్టడం ఆమె స్వభావం కాదు. జరిగిందంతా చెప్పింది.

"అయ్యో సిగ్నె... అంతా నా వల్లే. నువ్వు వేట మానేద్దామనుకున్నదీ నా వల్లే. ఏ మొహం పెట్టుకుని..."

"నోర్ముయ్. ఆ చలిలో నా ఇంటి కప్పు కూలకుండా, నా కుక్క చావకుండా, నా తుపాకీ తుప్పు పట్టకుండా కాపాడావ్. నువ్వు చేసిన వంద పనుల్లో ఒక రేకు తిరగబడింది. ఆ తొంభై తొమ్మిదికీ నీకు సరిగ్గా థాంక్స్ అయినా చెప్పలేదు. అప్పట్లో నాకు నోరు తిరగలేదు. ఇప్పుడు చెప్తున్నాను, విను. థాంక్స్."

"సరే," అన్నాడతను. "రేపు పొద్దున మైదానం తెరిపిస్తాను. వస్తావా?" అని అడిగాడు.

"కాఫీ మాత్రం నేనే పోసుకుంటాను."

మర్నాడు నాలుగు తూటాలూ పేలాయి. నాలుగోది బొమ్మ గుండెకు కాస్త వెనగ్గా తగిలింది. అయినా లెక్కలోకి వచ్చింది. తోర్‌స్టెన్ టోపీ పైకి విసిరితే అది చెట్టు కొమ్మకు చిక్కుకుంది. జట్టంతా ఎంతో కాలం తర్వాత నోళ్లు విప్పి, "పరుగెత్తేది బొమ్మ కాబట్టి బతికిపోయావ్ సిగ్నె, నిజం మూస్ అయితే నిన్ను చూసి నవ్వేది" అంటూ మొదలుపెట్టారు. వాళ్ల ఒక్కో ఎగతాళినీ ఆమె పండగ భోజనంలా ఆస్వాదించింది.

వేట మూడోరోజు పొద్దున, చిత్తడి నేల అంచున మంచు తెర విడిపోతుండగా, ఒక కుర్ర మగ మూస్ ఆమె కాపు చోటు ముందుకు వచ్చింది. ఒక్క దెబ్బకే కూలింది. సిగ్నె వెంటనే లేవలేదు. చేతి తొడుగు తీసి, కుడి అరచేతిని నాచు మీద ఆనించి, ఆ తడినీ చల్లదనాన్నీ అయిదు వేళ్లతోనూ తెలుసుకుంటూ కూర్చుంది. పక్షవాతం తర్వాత ఆ వేళ్లకు చాలాకాలం ఏదీ తెలిసేది కాదు.

మాంసం పంచుకున్న సాయంత్రం తన వాటాకు వచ్చిన మూస్ నాలుకను ఉడకబెట్టి, వేడివేడిగా ఆర్వో ఇంటికి తీసుకెళ్లింది. తోర్‌స్టెన్ అప్పటికే అక్కడున్నాడు. బల్ల మీద రెండు రైఫిళ్లు.

"ఇవీ పోయిన చలికాలం నేనే శుభ్రం చేశాను," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఒకటి మా బావమరిదిది. ఇంకొకటి పాస్టరుగారిది."

"దేవుడా! పాస్టరుగారిది కూడానా?" అన్నాడు ఆర్వో, కళ్లజోడు కిందికి దించుకుంటూ.

సిగ్నె పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆ రైఫిళ్లను పక్కకు జరిపి, బల్ల మీద మూడు పళ్లాలు పెట్టి, నాలుకను పల్చగా ముక్కలు కోసి వడ్డించింది. కత్తి పట్టింది కుడిచేత్తోనే. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందన్నాడు ఆర్వో. అని, పళ్లెం మళ్లీ ముందుకు చాపాడు.