తొమ్మిదో గడి దాకా

కాలి బొటనవేలికి వల అంచు తగిలించి, ఎడమచేత్తో చిరుగును చాచి పట్టుకుని, నూకయ్య ఆ ఉదయానికి నలభయ్యో కన్ను అల్లుతున్నాడు. మోకాళ్ళ దాకా ఎగగట్టిన లుంగీ, ఉప్పుగాలికి చెక్కలా బిగుసుకున్న పిక్కలు, కుడి చూపుడువేలి మీద నైలాను దారం కోసిన పాత గాడి. అరవై ఆరేళ్ళొచ్చాయి. ఏనాడూ తనకంటూ ఒక పడవ లేదు. కానీ భోగాపురం దగ్గర ఆ ఒడ్డున ఎవరి వల చిరిగినా అతని ఒళ్ళోకే వస్తుంది.

వల యజమాని ధనరాజు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మావా, రేపటికి అవుతాదా?"

"అవుతాది గానీ, ఈ మూల ఇంతకుముందు దాలయ్య కట్టినాడేట్రా?"

"నీకెవులు సెప్పినారు?"

"ఆడిది ఎడంసెయ్యి. ముడి ఎనక్కి తిరిగుంటాది."

ధనరాజు పకపకా నవ్వాడు. "ఆ ఇంగిలీసు బొమ్మలోల్లని కూడా ఇలాగే పట్టెస్తావంట గదా!"

"ఆల్లయీ సేతులే గదరా," అన్నాడు నూకయ్య, దారం పంటితో కొరుకుతూ.

ఆ బొమ్మల పిచ్చి అతనికి బావ వల్ల అంటుకుంది. అక్క మొగుడు జగన్నాధం ఓడలో వంటవాడు. ఇంగ్లండు రేవుల నుంచి పిల్లల కోసం నవ్వుల బొమ్మల పత్రికలు కట్టలుగా తెచ్చేవాడు. పిల్లలు చూసి పారేస్తే నూకయ్య ఏరుకునేవాడు. బావ ఓడ పని మానేశాక ఆదివారాలు బస్సెక్కి విశాఖపట్నం పాత పుస్తకాల దుకాణాలకు పోయాడు. ఒకసారి గోనెడు ఎండు నెత్తళ్ళ చేపలు ఇచ్చి, ఓ ముసలి నావికుడి దగ్గర ముప్పై పత్రికలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు రేకుపెట్టెలో, వేపాకుల మధ్య, రెండువందల పద్నాలుగున్నాయి. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. నవ్వు రావడానికి దాని అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ పత్రికల్లో చాలావాటిలో బొమ్మ గీసినవాళ్ళ పేరుండదు. కాబట్టి పేర్లు అతనే పెట్టుకున్నాడు. ఒకడు వంకాయముక్కోడు. ఇంకొకడు సెమటసుక్కలోడు, వాడి బొమ్మల్లో పరిగెత్తే ప్రతివాడి నెత్తి చుట్టూ చుక్కలు ఎగురుతాయి.

మధ్యాహ్నం జగ్గమ్మ చేపలమ్ముకుని ఖాళీ గంపతో వచ్చింది. అన్నాలు తిన్నాక మొగుడి పక్కన చాప మీద చేరి, పెద్దబాతు తరిమే పోస్టుమాను బొమ్మ తీయించుకుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నా ఆవిడకు ఆ బాతును చూస్తే నవ్వాగదు.

"అచ్చం మీయమ్మ నడకే మావా!"

"ఒసే, మాయమ్మ పోనాది. ఇప్పుడైనా ఆమెని ఒగ్గీ."

ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

నాలుగున్నరకు అరుణశ్రీ స్కూటీ వచ్చి ఆగింది. ఆమె హైస్కూల్లో డ్రాయింగు టీచరు. రెండేళ్ళ కిందట ఈ పెట్టె సంగతి తెలిసి చూడ్డానికి వచ్చింది. అప్పటి నుంచి నూకయ్య మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి, పాత పత్రికలు సేకరించే ఇంగ్లండు వాళ్ళ గుంపుకు ఫోన్లో పంపుతోంది. ఏ బొమ్మ ఎవరిదో తేల్చి వాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారు. వారం వారం వచ్చిన బద్ధకస్తుడైన పడవవాడి బొమ్మలన్నీ ఒకే ఆయన పేరున రాసుకున్నారు. మూడు వారాల కిందట నూకయ్య ఒప్పుకోలేదు.

"మొదటి పదారు వారాలూ వేరేవోడు. ఆడికి సముద్రం తెలుసు, తాడు నిజిం ముడి ఏసినాడు, లాగితే బిగుస్తాది. తరవాతోడు పడవని జడరిబ్బనుతో కట్టినాడు. పదేడో దాంట్లో పైన తొమ్మిది బొమ్మల గళ్ళు ఆ మొదటోడియే, కింద మూడూ ఇంకొకడియి. కెరటాలు సూడు, జంతికల్లాగున్నాయి."

ముక్కు అదే, టోపీ అదే కదా అని వాళ్ళు కొట్టిపారేశారు. ఈ శుక్రవారం పుస్తకం అచ్చుకు పోతుంది.

అరుణశ్రీ హెల్మెట్ కూడా తీయకుండా వచ్చి చాప మీద కూలబడింది.

"తాతా, ఉత్తరం వచ్చింది! మీ మాట ఆ గుంపులో చదివి, మీరు చెప్పిన మొదటాయన కూతురు రాసింది. ఆమెకు డెబ్భై నాలుగేళ్ళట. 'మీ వలలు అల్లే ఆయన చెప్పింది నిజం' అని మొదలుపెట్టింది."

"సెప్పినానా నేదా!" నూకయ్య తువ్వాలు గాల్లోకి విసిరాడు. జగ్గమ్మ గంప మీద దరువేసింది. పక్క పడవ నీడలో ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారు.

"పేరేటి, పంతులమ్మా?"

"లెనర్డ్ టాపింగ్. బొమ్మలు గీయకముందు చేపల పడవల మీద పనిచేశాడట."

"సూసినావా! మరి మజ్జిలో ఎందుకు మానీసినాడు?"

అరుణశ్రీ గొంతు తగ్గించింది. "మానలేదు తాతా. ఆ రోజు తొమ్మిది గళ్ళు గీసి, టీ తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. మర్నాడు పత్రిక ఆఫీసు నుంచి ఇంకొకాయన వచ్చి మిగతా మూడూ గీశాడు. ఎవరికీ తేడా తెలియలేదు. 'మా నాన్న పేరు ఎక్కడా రాయలేదు, అడిగితే జవాబు రాలేదు' అంది ఆ కూతురు."

నూకయ్య పెట్టె మూత ఎత్తి ఆ పత్రిక తీశాడు. వేలితో ఒక్కో గడీ దాటుకుంటూ తొమ్మిదో దాని దగ్గర ఆగాడు. బద్ధకస్తుడు వంగి, నాలుక బయటపెట్టి, పడవను గుంజకు కడుతున్నాడు.

"పడవ కట్టీసే ఎల్లినాడు," అన్నాడు మెల్లగా. "నీటికి ఒగ్గీసి ఎల్లనేదు."

జగ్గమ్మ వంగి, బొమ్మలోని ఆ ముడిని వేలితో తడిమింది.

"ఇప్పుడు పుస్తకంలో ఆయన పేరు వేస్తారు తాతా. కింద, గుర్తుపట్టింది నూకయ్య అని మీ పేరు కూడా."

"నా పేరా! నానేటి సేసినాను? సూసినాను, అంతే." అంటూనే అతను మీసం దువ్వుకున్నాడు.

"మరి నా బాతుని గీసినోడి పేరు?" అంది జగ్గమ్మ.

"దొరకలేదమ్మా."

"దొరుకుతాదిలే. మా మావున్నాడు గదా!"

మళ్ళీ నవ్వులు లేచాయి. అప్పుడు గుర్తొచ్చి అరుణశ్రీ ఫోను అటు తిప్పింది. తండ్రి కూర్చుని బొమ్మలు గీసిన బల్లను కూతురు అలాగే ఉంచుకుందట. ఉత్తరంతో పాటు దాని ఫోటో పంపింది. నూకయ్య తెరను కళ్ళ దగ్గరకు తెచ్చుకున్నాడు. కిటికీ కింద ఏటవాలు చెక్కబల్ల, దాని మీద ఒక సన్నని కలం, పాళీ కొసన ఎండిపోయిన సిరాచుక్క.