కర్ర స్పీడు

మా గౌరీశ్వరక్క అంకుడు కర్ర ముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఉయ్యాల కోడు ఇరిగిపోనాది శంకరూ. మిగతా మూడూ మీ బావ ఈ మిషను మీద తీసినవే. నాలుగోది నువ్వు తీసీ. ఎల్లుండి మనవణ్ణి ఉయ్యాల్లో ఎయ్యాల."

కర్రని లేతు మిషను తిరిగే పట్టులో, చక్‌లో బిగించాను. ఇనుముకి వాడే కార్బైడ్ టూలు పెడితే తెగలేదు, పీచు లేచింది. గుండ్రటి ముక్కు టూలు పెడితే గంటు పడింది. మా పెందుర్తి షెడ్డులో కర్రకి పనికొచ్చే టూలు ఒక్కటే ఉంది. అప్పలరాజు బావ వాలుగా అరగదీసి, నూనెరాయి మీద గంటసేపు నూరుకున్న స్టీలు టూలు. బావ పోయిన ఈ మూడేళ్లలో దాని జోలికి పోలేదు. నవ్వితే నవ్వండి, మోటారు వేసిన ప్రతిసారీ బావ నా వెనక నిలబడతాడు. ఏమీ అనడు. ఒక్క తిట్టు తిట్టినా బతికిపోదును.

గుడ్డ విప్పి ఆ టూలు బిగించాను. ఇనుముకి నెమ్మదిగా తిరగాలి, కర్రకి స్పీడు కావాలి కదా అని బెల్టు చిన్న పుల్లీ మీదికి మార్చబోయాను. బెల్టు పట్టుకుని ఆగిపోయాను.

"ఏటయినాదిరా?"

ఇక దాచలేక చెప్పేశాను. బావ పోయిన రోజు నేను చపాతీ కర్రలు తీసి, బెల్టు కర్ర స్పీడులోనే వదిలేసి టీకి పోయాను. కర్ర తీసినవాడే బెల్టు వెనక్కి మార్చాలని మా షెడ్డు కట్టుబాటు. అందుకే బావ చూసుకోలేదు. బరువైన ఇనపముక్క బిగించి స్విచ్ వేశాడు. ఆ వేగానికి అది ఊడొచ్చి గుండెకి తగిలింది. అంబులెన్సు వచ్చేలోగా నేను బెల్టు మార్చేశాను. బావ తన ఫోను మోగితే అటు చూసి, ముక్క సరిగ్గా బిగించలేదని అందరూ అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

"తప్పు నాదే అక్కా. కొట్టు."

అక్క కొట్టలేదు. స్టూలు మీద కూలబడిపోయింది.

"ఆ ఫోను సేసింది నానేరా. ఏటి కూర తెత్తారని అడుగుదామని సేసేను. మూడేళ్లనించి నానే సంపేసుకున్నానని ఏడత్తన్నాను." తలెత్తి నన్ను చూసింది. "ఆ ఫోను నాదని నీకు తెల్దా?"

తెలుసు. ఆ ఫోను మోగింది బావ పడిపోయాకే; దాని మీద అక్క పేరు చూసి, కట్ చేసింది నేనే.