మాంసకృత్తులు

కాకినాడ డాక్టరు గదిలోంచి బయటకొచ్చి వరప్రసాదం పెళ్ళాంతో ఒక్క ముక్కే చెప్పేడు. "ప్రోటీను లోపమంట, పుష్పా."

ఆ ముక్కకే పుష్పలతకి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళై ఆరేళ్ళు, రాజోలు చర్చిలో ఆడాళ్ళందరి చూపూ తన కడుపు మీదే. సిగ్గుపడి తను లోపలికెళ్ళలేదు గానీ, ప్రోటీనంటే ఏమిటో ఆవిడకి తెలీదా ఏం? బళ్ళో పిల్లలకి పాఠం చెప్పేది తనేనాయె. ప్రోటీన్లంటే మాంసకృత్తులు; పప్పు, గుడ్డు, చేప. ఓస్ ఇంతేనా, దీనికి వంటిల్లు చాలదూ అనుకుంది. అది తొంభై ఎనిమిదో సంవత్సరం.

ఇక చూడండి ఆవిడ హడావిడి. పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రి ముద్దపప్పు. "అన్నీ మీ ఆయనకేనాండీ?" అని చేపలమ్మే సూరమ్మ వేళాకోళమాడితే, "ఆయ్, ఆయనకే" అని నవ్వేది. వరప్రసాదం తలొంచుకుని తినేవాడు. పొట్టొచ్చింది గానీ బిడ్డ రాలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్దామంటే, "ఒంటికి పట్టాలి కదా, చూద్దాం" అనేవాడు. చూస్తూ చూస్తూనే తొమ్మిదేళ్ళు పోయేయి.

నలభై రెండో ఏట నెల తప్పింది. పిచ్చిది, ఎంత సంబరపడిందో! మొగుణ్ణి వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళింది. పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ కడుపు కాదంది, ముట్లుడిగిపోయేయంది.

"తొమ్మిదేళ్ళ కిందట కాకినాడలో ఆయనకి ప్రోటీను లోపమన్నారండీ. బాగానే పెడుతున్నానండీ" అంది పుష్పలత, ఇంకా ఆశ చావక.

"అది పళ్ళెంలో ప్రోటీను కాదమ్మా. వీర్యకణం తయారయ్యేటప్పుడు తోక ఆడ్డానికి కావలసిన ప్రోటీను దాని లోపలే పుట్టాలి. పుట్టుకతోనే ఆ లోపముంటే ఏం తిన్నా రాదు. అలాంటి కణాన్ని సూదితో అండంలోకి ఎక్కిస్తారు. అప్పట్లోనే హైదరాబాదులో చేసేవారు. ఇప్పుడు మీకు అండాలు నిండుకున్నాయి."

బయట వరండాలో నిలదీసింది. "సూది సంగతి ఆ డాక్టరు మీకు చెప్పలేదాండీ?"

"చెప్పేడు" అన్నాడు వరప్రసాదం నేల చూస్తూ. "లోపం నా పుట్టుకలోనే ఉందని చెప్పడానికి నోరు రాలేదు. నువ్వు తిండి లోపమనుకున్నావు. అదే నయమనిపించింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే..."

పుష్పలతకి ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకాలే ఏడుపొచ్చింది. ఆ రోజు సిగ్గొదిలేసి తనూ లోపలికెళ్ళి ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది?

"ఈపాటికి పిల్లో పిల్లాడో ఉందురండీ" అంది. "నా బళ్ళోనే చేర్చుకుందును."