చుక్క పెట్టిన సున్న

కందిపప్పులో రాళ్లు ఏరుతున్న నా ముందు సింధుజ పెద్ద కాగితం పరిచింది. సింధుజ నా బిడ్డ, కంటి డాక్టరు. సాయంత్రమైతే గోడలు తడుముకునే అన్న ఈశ్వర్‌ను చూస్తూ పెరిగింది. కంటి వెనుక పొర ఎందుకు ఎండిపోతుందో వెతుకుతూ పదిహేనేళ్లు పెద్దేముల్, తాండూరు, వికారాబాద్ చుట్టుపక్కల గొర్లకాపరుల ఇళ్లన్నీ తిరిగింది. ఆమెకు ముందు ఏ డాక్టరూ ఆ గడపలు తొక్కలేదు.

"మొగోళ్లు తాతల పేర్లే చెప్తున్నరమ్మా. తల్లుల పేర్లు నువ్వే చెప్పాలె."

చెప్పాను. మా అమ్మ, చిన్నమ్మలు, ఎవరిని ఏ ఊరికిచ్చారో, ఎవరు పోతూ పోతూ ఎక్కడిదాకా వెనక్కి చూశారో. పోయినవాళ్లను మరవడం నాకు చేతకాదు. ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు గడి గీసింది. చూపు పోయినవాళ్ల గడి నల్లగా నింపింది.

ఆమె చాయ పెట్టడానికి లేవగానే కాగితం లాక్కున్నాను. బడికి పోకున్నా, పిల్లల పుస్తకాలు పట్టుకుని చదువు నేర్చుకున్నదాన్ని. ఊళ్లవాళ్ల కోసం మూలన తెలుగులో రాసింది: "సున్నలో చుక్క ఉంటే, తనకు చూపు బాగున్నా పిల్లలకు జబ్బు ఇవ్వగల ఆడమనిషి." మా అమ్మ సున్నలో చుక్క. నాకూ చుక్క. నా కింద ఈశ్వర్ నల్ల గడి. పక్కన సింధుజకు చుక్క. ఈశ్వర్ బిడ్డ, పదకొండేళ్ల దీక్షితకూ చుక్క.

సింధుజ పెళ్లెందుకు వద్దన్నదో అప్పుడు తెలిసింది. ఆమె వద్దన్ననాడు "చదువుకుని పొగరు తలకెక్కింది" అన్నాడు మా ఆయన దేవప్ప. నేనూ ఊఁ కొట్టాను.

"ఎన్నేండ్ల సంది తెలుసు బిడ్డా?" చాయ తెచ్చిన సింధుజను అడిగాను.

"పదకొండేండ్లు. నాయనకు మేనరికమని చెప్పిన. లేకుంటే నిన్నే అంటడని."

ఆయన అనకుండా ఎప్పుడున్నాడు? "గ్రహణంనాడు బయట తిరిగి నా కొడుకు కండ్లు తిన్నవ్" అని నలభై ఏళ్లుగా అంటున్నాడు. ఆనాడు గొర్లకు నీళ్లు పెట్టిరమ్మన్నది ఆయనే.

"మందున్నదా?"

"ఇంకా లేదమ్మా. ఆడోళ్లు రక్తమిస్తే వెతకొచ్చు. అత్తగారింట్ల తెలిస్తే ఎల్లగొడతరని ఒక్కరు ముందుకొస్తలేరు."

దేవప్ప లోపలికొచ్చాడు. "ఏందే, తల్లీబిడ్డల గుసగుస? రోగం ఎవలి దిక్కునుంచి వచ్చిందట?"

నా వేలు దానంతటదే సింధుజ చుక్కను మూసింది. దీక్షిత చుక్క మీదికి ఇంకో వేలు పోబోయి ఆగింది. మూస్తూ పోతే రేపు ఆ పిల్ల మీద ఏ గ్రహణం పెడతారో.

"నా దిక్కునుంచి. మా అమ్మ నుంచి. రేపు పెద్దేముల్‌ల ఆడోళ్ల ముంగట ముందుగాల నా చెయ్యే సూదికి పెడత" అన్నాను.

ఆయన ఏదో అరుస్తున్నాడు. కాగితం మీది నుంచి చేయి తీసేశాను.