మూడుసార్లు మోగిన బూర

రైళ్ళు ఆగిపోయి పట్టాలు పీకేశాక ఆ దారిలో కంకర పోసి చదును చేశారు. రిబాల్ అనే ఫ్రెంచి పల్లె నుంచి మోంబ్రుకి ఏడు కిలోమీటర్లు, అంతా ద్రాక్షతోటల మధ్యనే. కారు రాదు, ట్రాక్టరు కూడా అడ్డంగా దాటిపోవడమే. అందుకే ఎక్కడెక్కడి వాళ్ళో లావు టైర్ల సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. దారి మొదట్లో, రిబాల్ వైపు, పాత రైల్వే గేటు ఇల్లుంది. ఎలియెత్ ఆ ఇంట్లో ఉండేది. వాకిట్లో రెండు బల్లలేసి సైకిళ్ళ వాళ్ళకి కాఫీ, ఉల్లిపాయల రొట్టె అమ్మేది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. చెల్లెలు మిరేయ్, ఆమె కొడుకు లియోనెల్, వాళ్ళే ఆమెకి అన్నీ.

నవంబరులో శనివారాలు అడవిపందుల వేట. కోతలయ్యాక తోటల్లో మిగిలిన గుత్తుల కోసం పందులు కొండ దిగి తీగల మొదళ్ళు తవ్వేస్తాయి మరి. వేట ఉన్న రోజు ఎలియెత్ ఇంటి ముందు దారికి అడ్డంగా ఎర్రక్షరాల బోర్డు నిలబెడతారు. బోర్డు ఉంటే ఎవరూ పోకూడదు. బూర మోగాక వేటగాళ్ళు తుపాకులు ఖాళీ చేసుకుంటారు, అప్పుడు బోర్డు తీస్తారు. ఆ బూర ముప్పై ఏళ్ళు ఊదింది ఎలియెత్ నాన్నే. మూడుసార్లు పొడుగ్గా మోగితే వేట అయిపోయినట్టు. ఆ మోతకి వాళ్ళమ్మ పొయ్యి మీద సూపు గిన్నె పెట్టేది. మూడో మోత ఆగేలోపల పిల్లలు బల్ల మీద కంచాలు సర్దెయ్యాలి. ఎలియెత్‌కి ఆ మోత చెవిలో కాదు, ఒంట్లో ఉండేది.

ఆ ఏడు వేట మొదలైన మొదటి శనివారం పొద్దున్నే బెల్జియం నుంచి మొగుడూ పెళ్ళాలిద్దరు వచ్చారు. ఆమె గ్రీత్, ఆయన వౌట్. యాభై దాటిన మనుషులు. గ్రీత్ బోర్డు చూడగానే సైకిలు దిగిపోయింది. ఎంతసేపు పడుతుందో ఏమో, కాఫీ తాగండని ఎలియెత్ కుర్చీలేసింది. ఈలోగా వౌట్ సైకిలు టైరు మెత్తబడిందని ఇంటి వెనక కుళాయి దగ్గరికి తీసుకుపోయి చక్రం ఊడదీశాడు. గ్రీత్ రొట్టె తింటూ మొగుణ్ణి తిట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ మనిషి టైరు పంచరవని ప్రయాణం లేదట, పెళ్ళిరోజు కూడా పంచరేనట. వచ్చీరాని ఫ్రెంచిలో చెబుతూ ఆమె నవ్వుతుంటే ఎలియెత్‌కీ నవ్వాగలేదు.

ముప్పావుగంట గడిచింది. కొండ వైపు నుంచి బూర మోగింది. ఒకటి, రెండు, మూడు. పొడుగ్గా.

"అయిపోయిందమ్మా, ఇక వెళ్ళొచ్చు," అంది ఎలియెత్. లేచి వెళ్ళి బోర్డు తీసి గోడకి ఆనించి పడుకోబెట్టింది కూడా.

గ్రీత్ ఒక్క క్షణం ఆగింది. "నిజంగానా?" అనడిగింది.

"నేనిక్కడే పుట్టానమ్మా."

గ్రీత్ సైకిలెక్కింది. "ఆయనొస్తే చెప్పండి, నేను ముందు పోయి మోంబ్రులో ఎండ తగిలే బల్ల పట్టుకుంటానని." నెమ్మదిగానే వెళ్ళింది, రెండు పక్కలా ఎర్రబడ్డ ఆకులు చూసుకుంటూ.

తుపాకి మోత విన్నప్పుడు ఎలియెత్ కాఫీ కప్పులు కడుగుతోంది. ఎవరో తుపాకి ఖాళీ చేస్తున్నారనుకుంది. తరువాత ఫోను మోగింది, అవతల ఒక మగమనిషి అరుపు. అది లియోనెల్ గొంతు. ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో, వేటలో ఉన్న వాడి తూటాకే గ్రీత్ పడిపోయింది.

అసలు సంగతి తరువాత తెలిసింది. రిబాల్‌లో వేటగాళ్ళు పదకొండు మందే మిగిలారని ఆ ఏడు మోంబ్రు జట్టుతో కలిపేశారు. మోంబ్రు వాళ్ళ లెక్కలో మూడు మోతలంటే వేట అయిపోవడం కాదు, పందులు తోటల్లోకి దిగాయి, కాచుకోమని. ఇక మీదట మోంబ్రు లెక్కే అని సెప్టెంబరులో భోజనాల దగ్గర ఒప్పుకున్నారు. అక్కడంతా మగవాళ్ళే. ఇంటికొచ్చి ఆడవాళ్ళకి ఏం వండారో చెప్పారు గానీ ఇది ఒక్కరూ చెప్పలేదు. బయటివాడెవడైనా అయితే బోర్డు ఉన్నంతసేపూ కదిలేవాడు కాదు. బూరకి అర్థం తెలుసనుకున్న మనిషి కాబట్టే ఎలియెత్ బోర్డు తీసింది.

కబురు వినగానే వౌట్ ఇంటి వెనక నుంచే తోటలకి అడ్డంపడి పరిగెత్తాడు, బోర్డు ఉన్నదీ లేనిదీ చూడలేదు. పోలీసులు వచ్చేసరికి బోర్డు మళ్ళీ దారికి అడ్డంగా నిలబడి ఉంది. పెట్టింది జట్టు పెద్ద బ్లాస్. ఎలియెత్ వైపు చూడకుండానే పెట్టి వెళ్ళాడు. పోలీసులు ఫొటో తీసుకున్నారు. గ్రీత్ బోర్డు దాటి వెళ్ళిందని రాసుకున్నారు. ఎలియెత్‌ని అడిగితే తల మాత్రం ఊపింది. దేనికి ఊపిందో ఆమెకే తెలియదు.

మర్నాడు మిరేయ్ వచ్చింది. వంటింట్లో కూర్చుని చాలాసేపు బల్ల మీద రొట్టె ముక్కలు ఏరుతూ ఉండిపోయింది. లియోనెల్ మంచం దిగడం లేదని చెప్పింది. వాడికి ఆకుల మధ్య ఏదో గోధుమరంగు కదిలినట్టు కనిపించిందట, అది ఆవిడ కోటు. వకీలుతో మాట్లాడారట. బోర్డు దాటి వచ్చిందంటే తప్పులో సగం ఆవిడది, వాడికి జైలు తప్పొచ్చు. వెళ్ళొచ్చని చెప్పి పంపారని తెలిస్తే తప్పంతా వాడిదే, బోర్డు తిరిగి పెట్టిన సంగతీ బయటపడుతుంది.

"నువ్వేం అబద్ధమాడక్కర్లేదక్కా. ఊరుకో, అంతే."

"ఆవిడ ఆగిందే. ముప్పావుగంట కూర్చుందే నా వాకిట్లో."

"చచ్చిపోయినావిడకి మంచిపేరుతో ఏం పని? నా కొడుక్కి ఇద్దరు ఆడపిల్లలు."

ఎలియెత్ లేచి పొయ్యి మీద కాఫీ పెట్టింది. చెల్లెలు వెళ్ళేటప్పుడు ముద్దు పెట్టుకుని వెళ్ళింది, అక్క ఒప్పుకుందనుకుని.

నాలుగో రోజున వౌట్ వచ్చాడు. శవాన్ని ఇంకా ఇవ్వలేదట, మోంబ్రులో గది తీసుకుని ఉన్నాడు. గ్రీత్ కాఫీ తాగిన బల్ల దగ్గరే కూర్చున్నాడు. కాఫీ పెడితే ముట్టుకోలేదు. ఆయన ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు. గ్రీత్ నడిరాత్రి ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర దీపం దగ్గర ఆగే మనిషి. అలాంటిది బోర్డు దాటి ఎందుకు పోయింది? తను టైరుతో అంతసేపు చేశాడని విసుగొచ్చి పోయింది, అంతే. పొద్దున కూడా ఆ టైరు గురించే మాటా మాటా అనుకున్నారట. "నా మీద కోపంతో వెళ్ళింది," అన్నాడు.

ఎలియెత్‌కి లియోనెల్ కనిపించాడు, నాలుగేళ్ళప్పుడు ఇదే వాకిట్లో పెద్దమ్మా పెద్దమ్మా అంటూ గౌను పట్టుకు తిరిగినవాడు. వాడి ఇద్దరు పిల్లలూ కనిపించారు. అయినా ఎదురుగా కూర్చున్న మనిషి బతికినన్నాళ్ళూ ఈ అబద్ధం మొయ్యాలి కదా. ఆ మొయ్యడం ఆమె చూడలేకపోయింది.

"కోపం లేదు నాయనా," అంది. "బోర్డు నేనే తీశాను. అయిపోయింది, వెళ్ళమని నేనే చెప్పాను."

అన్నీ చెప్పింది. బూర సంగతి, బ్లాస్ సంగతి, ఎండ తగిలే బల్ల సంగతి. ఆ ఆఖరి మాట ఆయనకి అప్పజెప్పమని గ్రీత్ చెప్పి వెళ్ళింది, ఈ నాలుగు రోజులూ అది తన దగ్గరే ఉండిపోయింది.

వౌట్ కంకరదారి వైపు చూశాడు. క్షమించానన్నాడా అంటే అనలేదు, తిట్టనూ లేదు. "నిజంగానా అని అడిగిందా?" అని మాత్రం అడిగాడు.

"అడిగింది."

"మీరేమన్నారు?"

"ఇక్కడే పుట్టానన్నాను."

ఆయన లేచి, ఇది పోలీసుల దగ్గర చెబుతారా అన్నాడు. ఎలియెత్ కోటు తెచ్చుకుంది.

మోంబ్రు పోలీసు స్టేషన్లో కుర్ర ఇన్‌స్పెక్టరు రెండు గంటలు రాసుకున్నాడు. ఆమె మీద కూడా కేసు పడొచ్చని ముందే చెప్పాడు. రాసింది చదివి వినిపిస్తే, బోర్డు పడుకోబెట్టానన్న చోట గోడకి ఆనించి అని కూడా రాయించింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది.

బయటికొస్తే ఎదురుగా మిరేయ్ కారు. ఎవరు కబురందించారో గానీ అప్పటికే అన్నీ తెలిసిపోయాయి. నలభై ఏళ్ళుగా ప్రతి బుధవారం అక్కని సంతకి తీసుకెళ్ళింది స్టీరింగు మీదున్న ఆ చేతులే. ఎలియెత్ కారు దగ్గరికి నడిచి తలుపు మీద చెయ్యి వేసింది. మిరేయ్ లోపలి నుంచి గడి వేసుకుంది. అద్దం దించలేదు. అక్క చెయ్యి తీసేదాకా ఆగి, అప్పుడు పోనిచ్చింది.

ఆ వేళకి బస్సు లేదు. ఉన్నది కంకరదారే. ఎలియెత్ నడక మొదలుపెట్టింది. వెనక సైకిలు నడిపించుకుంటూ వౌట్ వస్తున్న చప్పుడు, టైర్ల కింద కంకర నలుగుతున్న చప్పుడు. నాలుగో కిలోమీటరు దగ్గర, ద్రాక్షవరసల మధ్య, గ్రీత్ పడిపోయిన చోట, ఆ చప్పుడు ఆగిపోయింది. ఎలియెత్ తిరిగి చూడలేదు, ఆగలేదు. ఇంకా మూడు కిలోమీటర్లుంది.