గుండ్లకి దువ్వెన

దేవుడు ఒకరిని సముద్రం దాటమంటాడు, ఒకరిని కొండెక్కమంటాడు. నన్ను తలలు దువ్వమన్నాడు. ఈ మాట చెబితే మా వదిన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

“దేవుడికి పేలు చూసే మనిషి కావాల్సొచ్చిందా ఏంటి?” అంది.

నాకు ఒళ్ళు మండింది గానీ ఆమెను ఏమీ అనలేను. ఆమె బ్యూటీపార్లర్‌లో పనిచేస్తూ, ఆమె పెట్టింది తింటూ, ఆమె దుకాణంలోనే పడుకునే మనిషిని నేను. మా ఆయన పోయాక అన్నయ్య నన్ను తీసుకొచ్చి ఇక్కడ పెట్టాడు. ఇల్లు ఇరుకు, పార్లర్ వెనక గది ఖాళీగానే ఉంది కదా అన్నాడు. ఆ గదిలో ఒక మంచం, గోడ పొడుగునా రంగు డబ్బాలు, షాంపూ డబ్బాలు. దుకాణం నేల కింది అంతస్తులో ఉంది, కిటికీ లేదు. గోడ పైభాగాన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. దాని రెక్కల సందుల్లోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. మొహాలు చూడాలంటే వాళ్ళే మెట్లు దిగి రావాలి.

మెట్ల పైన కటకటాల గేటు. దుకాణం కట్టేశాక అన్నయ్య దానికి బయటినుంచి తాళం వేసుకుని ఇంటికి వెళతాడు. “ఒంటరి ఆడదానివి, నీ మంచికే” అంటాడు. ఒకసారి హెయిర్ డ్రయ్యర్ వైరు కాలి గదంతా పొగ కమ్మితే, ఫోన్ చేసి అన్నయ్య వచ్చేదాకా ఆ కమ్మీలు పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. మర్నాడే వైరు మార్పించారు. తాళం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక ఆ మాట ఎలా వచ్చిందో చెబుతాను. రంగు ప్యాకెట్లు కొనుక్కుని వస్తుంటే సిగ్నల్ దగ్గర మానసిక ఆసుపత్రి వ్యాను ఒకటి నా పక్కన ఆగింది. జాలీ కిటికీల వెనక ఆడవాళ్ళు, అట్టలు కట్టిన జుట్టుతో. ఒకామె తలను జాలీకేసి రుద్దుకుంటూ నా జడనే చూస్తోంది. సిగ్నల్ మారేదాకా చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం నేల మీది జుట్టు ఊడుస్తుంటే లోపల ఒక మాట పడింది: వెళ్ళి వాళ్ళ తలలు దువ్వు. గొంతు వినిపించిందా అని అడక్కండి. ఆకలేస్తోందని మీకు ఎవరు చెబుతారు? ఇదీ అలాగే తెలిసింది. పైగా నేను ఇలాంటివి వినే రకం కాదు. ప్రార్థన మందిరంలో అందరూ కళ్ళు మూసుకుని ఏడుస్తుంటే పైన ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందా అని చూసే రకం.

వదిన నవ్వాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“పిలుపంటూ వస్తే సంఘంలో పెద్దలకు కూడా తెలియాలి కదమ్మా. మాకెవరికీ ఏమీ తెలియలేదే” అన్నారు. “అంత సేవ చెయ్యాలనుంటే ఆదివారం ముందుగా వచ్చి కుర్చీలు తుడవండి.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత పాస్టర్లకీ సరిపోతుందని ఆ రోజే తెలిసింది. కుర్చీలు తుడిచే వచ్చాను, చేసేదేముంది.

అన్నయ్యది ఇంకో పాట. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మీ వదిన చేత మంచిదాన్ననిపించుకో.”

వదిన చివరి మాట చెప్పేసింది. “అక్కడి పేలు ఇక్కడికొచ్చాయంటే నేనిక ఈగలు తోలుకోవాలి. నీ తలలో ఒక్కటి కనపడిందా, నీ మంచం తీసుకుని నీ దారి చూసుకో.”

నాకు వేరే దారి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మంచం మీద పడుకుని దేవుడితో పోట్లాడాను. నీకు నేనే దొరికానా, సొంత గది ఉన్న మనిషి ఎవరూ దొరకలేదా అన్నాను. సమాధానం రాలేదు గానీ, మర్నాడు దువ్వెన పట్టుకోగానే జాలీకి తల రుద్దుకునే ఆమె గుర్తొచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఎవరి తల దువ్వుతున్నా చేతికింద ఆమె తలే ఉన్నట్టుండేది. నేను పారిపోవడానికి ఆ దుకాణంలో చోటు కూడా లేదు.

చివరికి ఆసుపత్రికి ఫోన్ చేశాను. సోమవారం పొద్దున రమ్మన్నారు. సోమవారం పార్లర్‌కి సెలవు, అంటే గేటు తీసేవాళ్ళు కూడా ఉండరు. అన్నయ్యను బతిమాలితే వచ్చి తీశాడు.

“వెళ్ళి నీ కళ్ళతో చూసి రా. వాళ్ళకి పిచ్చి వదలకపోయినా నీకు వదులుతుంది” అన్నాడు.

ఆసుపత్రిలో నర్సమ్మ నా సంచి తిరగేసింది. ఇనుప పేలదువ్వెన పక్కన పెట్టేసింది, గాజు నూనెసీసా పక్కన పెట్టేసింది, క్లిప్పులు తీసేసింది. ఒక్క ప్లాస్టిక్ దువ్వెన నా చేతికిచ్చింది. ఆయా ఇనుప తలుపు తీసింది. నర్సమ్మా నేనూ లోపలికి వెళ్ళగానే ఆయా బయటినుంచి తాళం వేసుకుని అవతలి వార్డుకు వెళ్ళిపోయింది.

పొడవాటి హాలు. రెండు వైపులా ఇనుప మంచాలు. మంచాల మీద ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. ఒక్కరి తల మీద కూడా వెంట్రుక లేదు.

“నిన్ననే అందరికీ మిషన్ వేయించేశాం” అంది నర్సమ్మ. “ఆఫీసులో చెప్పలేదా మీకు?”

“చెప్పలేదు. తలుపు తీయించండి, వెళతాను.”

“ఆయా భోజనాల వేళకే వస్తుంది. అందాకా కూర్చోండి” అని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి మాత్రలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలుపు తోసి చూశాను, కదల్లేదు. వదిన నవ్వు చెవుల్లో మోగింది. ఇంత పోట్లాడి, ఇంతమందికి లోకువై వచ్చింది దీనికా? ఇదేనా నీ పిలుపు అని దేవుడిని కడిగిపారేశాను. గుండ్ల దగ్గరికి దువ్వెన ఇచ్చి పంపావు, మా వదిన కూడా నన్ను ఇంత వెటకారం చెయ్యలేదు అన్నాను. బయటికే అన్నానేమో, నర్సమ్మ తలెత్తి చూసింది. సిగ్గుతో, కోపంతో ఏడుపొచ్చింది.

అప్పుడొక పెద్దావిడ మంచం దిగి వచ్చింది. జాలీకి తల రుద్దుకున్న ఆమేనో కాదో నాకు తెలియలేదు. జుట్టు తీసేస్తే అందరూ ఒకే ఇంటి మనుషుల్లా ఉన్నారు. ఆమె నా చేతిలో దువ్వెన లాక్కుంది.

“కూర్చో” అంది.

“ఆవిడని మేం హెడ్‌మాస్టరంటాం లెండి. ఏమీ అనదు, కూర్చోండి” అంది నర్సమ్మ.

నేలమీద కూర్చున్నాను. ఆమె నా వెనక మంచం మీద కూర్చుని నా జడ విప్పింది. చిక్కు చివర్లనుంచి పైకి తీసుకుంటూ వచ్చింది, నొప్పి పుట్టకుండా, కుదుళ్ళు ఎడమచేత్తో అదిమిపట్టి. ఊళ్ళో తలలన్నీ నా చేతుల్లోనే కానీ, అమ్మ పోయాక నా తల మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు. నాకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పలేను. మిగతావాళ్ళు దగ్గరికొచ్చారు. హెడ్‌మాస్టరు వాళ్ళను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతికీ దువ్వెన ఇచ్చింది. ఒక్కొక్కరూ రెండేసి సార్లు దువ్వి పక్కకి జరిగారు.

దువ్వెన మళ్ళీ తన చేతికొచ్చాక జడ పాయలు తీస్తూ అడిగింది. “మీకు రాత్రి తాళం ఎవరేస్తారు?”

మాకా, మాకు తాళమేంటి అనబోయాను. అంతలో మెట్ల పైన గేటు గుర్తొచ్చింది.

“మా అన్నయ్య” అన్నాను.

“మాకు ఆయా. మీ అన్నయ్య మంచోడేనా?”

“మంచోడే.”

“ఆయా కూడా మంచిదే” అంది, జడ బిగిస్తూ.

ఆయా వచ్చేవేళకు నర్సమ్మ నా పక్కన నిలబడింది. “దువ్వే మనిషి లేకే మిషన్ వేయించేది. ఇంతమంది తలలు నేనెక్కడ చూడను?” అంది.

“నేను వచ్చే సోమవారం వస్తాను.”

“వచ్చే సోమవారానికి ఏం పెరుగుతుందని?”

“ఏమీ పెరగదు. తెలుసు.”

“చాలామంది వస్తామన్నారు. జుట్టు పెరిగేలోపే మాయమయ్యారు” అని నా మొహంలోకి చూసింది. “మీరు వస్తున్నన్నాళ్ళూ మిషన్ బీరువాలోనే ఉంటుంది. రాని వారం బయటికి తీస్తాను. నన్ను తప్పుపట్టొద్దు.”

తలుపు తెరుచుకుంది. ఇందాక దేవుడిని తిట్టిన తిట్లు గుర్తొచ్చి మెట్లమీద కాసేపు ఆగిపోయాను. వెంట్రుకలు ఉన్న రోజున వచ్చి ఉంటే దువ్వేసి, పుణ్యం వచ్చిందనుకుని ఇంటికి పోయేదాన్ని.

సాయంత్రం గేటు దగ్గర అన్నయ్యా వదినా నాకోసం కాచుకుని ఉన్నారు. వదిన టార్చిలైటు తెచ్చింది. నన్ను మెట్టుమీద కూర్చోబెట్టి, పాయ పాయా విడదీసి చూసింది.

“గుండ్లకి పేలెక్కడివి వదినా?” అన్నాను.

జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వింది. “గుండ్లకి దువ్వెన తీసుకెళ్ళావా! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. ఇక వెళ్ళవుగా?”

“వచ్చే సోమవారం వెళతాను. ఆపై సోమవారమూ. జుట్టు పెరిగాక పేలుంటాయి, అప్పుడు నువ్వు చెప్పినట్టే నా మంచం తీసుకుంటాను.”

అన్నయ్య తాళం చేతిలో ఆడిస్తూ, “ముందు లోపలికి పద, గేటెయ్యాలి” అన్నాడు.

నేను లేవలేదు. “తాళంచెవి నాకివ్వు అన్నయ్యా. లోపలినుంచి నేనే వేసుకుంటాను.”

“ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?”

“పొగొచ్చిన రోజే అడగాల్సింది. భయపడి అడగలేదు. ఇవ్వకపోతే ఈ మెట్టుమీదే ఉంటాను.”

వెళ్ళగొడితే ఎక్కడికి పోవాలో నిజంగా తెలియదు. అన్నయ్య వదిన మొహం చూశాడు. ఎప్పుడూ ఆమె తానా అంటే ఈయన తందానా.

“ఇచ్చెయ్యండి, దోమలు తినేస్తున్నాయి” అంది వదిన. “పొద్దున్నే వచ్చి గేటు తీసే పని తప్పుతుంది నాకు.” అంటూ వంగి, తను విప్పేసిన జడను మళ్ళీ అల్లింది. ఆ టార్చి వెలుతుర్లో ఆమె మొహం నాకు కనిపించలేదు.

ఆ తర్వాతి సోమవారం గేటు నేనే తీసుకుని, నేనే వేసుకుని వెళ్ళాను. గుండ్ల మీద గరుకు మాత్రమే ఉంది. చంటిపిల్లల మెత్తని బ్రష్షు తీసుకెళ్ళి దానితో ఒక్కొక్కరి తలా నిమిరాను. హెడ్‌మాస్టరు వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని అడిగింది.

“రాత్రి తాళం మీ అన్నయ్యేనా వేసింది?”

“కాదమ్మా. తాళంచెవి అడిగి తీసుకున్నాను. నేనే వేసుకున్నాను.”

ఆమె కళ్ళు తెరిచి తలుపు వైపు చూసింది.

“అయితే మాది కూడా అడుగు” అంది.