మూత బిగించకముందే మంచిమాట

ఆ ఆదివారం వడ్రంగి చర్చికి ఆలస్యంగా వచ్చాడు. మెడ మీద గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపి తొమ్మిది రోజులైంది. నిన్న వస్తుందన్న రిపోర్టు రాలేదు. పొద్దున గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడినవాడు, గడ్డం సంగతి మరిచి గడ్డనే తడుముకుంటూ ఉండిపోయాడు. భార్య చూసి చూసి తను ముందు వెళ్లిపోయింది.

తలుపు చప్పుడు కాకుండా తోసి చివరి బెంచీలో కూర్చోబోతుంటే, ముందు వరసలో టైలరు లేచి మాట్లాడుతున్నాడు. వానలో వచ్చి తలుపు బాగుచేసిన మనిషి గురించి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయిన మనిషి గురించి చెబుతున్నాడు.

వడ్రంగి తెల్లబోయాడు. ఎవరు పోయారబ్బా అనుకున్నాడు.

అలా అనుకోవడంలో ఆయన తప్పేం లేదు. ఆ చర్చి జనం ఒకరిని మెచ్చుకునేది ఒకే ఒక్క సందర్భంలో, శవపేటిక ముందు. మనిషి బతికున్నన్నాళ్లూ ఒక్క మంచిమాట అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు. పోయాక మాత్రం ఒకరి తర్వాత ఒకరు లేచి మంచిమాట చెబుతారు. మూత బిగించడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్కన నిలబడే వడ్రంగి అవన్నీ వింటూనే ఉన్నాడు ఇన్నేళ్లుగా. కానీ ఎవరు పోయినా మొదటి కబురు వచ్చేది ఆయనకే. పెట్టె చేయాల్సింది ఆయనే కదా! ఈసారి ఆ కబురూ రాలేదు.

ఇంతలో బడిలో వంట చేసే ఆవిడ లేచింది. "మా నాన్నకు చేసిన పెట్టెను లోపలివైపు కూడా నున్నగా రుద్దాడు. అక్కడెవరు చూస్తారన్నా అంటే, పడుకునేది మీ నాన్నే కదమ్మా అన్నాడు."

ఆ మాట అన్నది తనే. వడ్రంగి ముందుకు చూశాడు. మూడో బెంచీలో భార్య కళ్లు తుడుచుకుంటోంది. ఆమె పక్కనే ఆసుపత్రి నర్సు. అంటే రిపోర్టు వచ్చేసింది. ఊరందరికీ తెలిసిపోయింది, తనకు తప్ప. ముందున్న బెంచీ పట్టుకున్నాడు.

"నాకింకా ఎన్నాళ్లుంది?" అన్నాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఫాదర్‌గారే గబగబా దిగివచ్చి ఆయన భుజం పట్టుకుని, ఆయన రాకముందు చెప్పినదంతా మళ్లీ చెప్పారు. పోయిన నెల లైబ్రరీ టీచరమ్మ అంత్యక్రియల్లో పన్నెండు మంది మంచిమాట చెబితే, ఆమె చెల్లెలు లేచి అందరినీ కడిగిపారేసిందట. తనెవరికీ అక్కర్లేదని కుమిలి కుమిలి పోయిన మనిషికి ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదని. అందుకే ఈ వారం నుంచి బతికున్నవాళ్లకే చెప్పాలనుకున్నారు. అందరి పెట్టెలూ చేసే మనిషితో మొదలుపెట్టారు. అంతే.

నర్సు దగ్గరికొచ్చి, రిపోర్టు ఇందాకే చేతికొచ్చిందనీ, పూజ అయ్యాక విడిగా చెబుదామనుకున్నాననీ అంది. ఇక్కడే చెప్పమన్నాడు వడ్రంగి.

"కొవ్వు గడ్డ, అన్నా. భయపడాల్సిందేం లేదు. కావాలంటే తీయించుకో, లేదంటే ఉంచుకో."

చర్చి అంతా ఘొల్లున నవ్వింది. వడ్రంగి నవ్వలేదు. మెడ మీద గడ్డను మరోసారి తడుముకున్నాడు. మీరూ ఎవరి గురించైనా ఒక మాట చెప్పండి అన్నారు ఫాదర్‌గారు. వడ్రంగి భార్య వైపు తిరిగాడు.

"ముప్పై ఒక్కేళ్లుగా నా చొక్కాల్లో రంపప్పొట్టు దులుపుతోంది. పని అయిపోతే నా కాళ్లు ఇంటివైపు పరిగెత్తేది ఈమె కోసమే. ఎన్నడూ చెప్పలేదు."

ఆమె కంగారుపడింది. ముప్పై ఒక్కేళ్లలో కూర బాగుందని కూడా అనని మనిషి! దిగ్గున లేచి నర్సు మణికట్టు పట్టుకుంది.

"నిజం చెప్పమ్మా. ఆ రిపోర్టులో ఏముంది?"

నర్సు బ్యాగులోంచి కాగితం తీసి చేతికిచ్చింది. ఆమె దాన్ని కన్నెత్తి చూడలేదు. భర్త ముఖంలోకే చూస్తూ, "నా దగ్గర దాచకండి," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వడ్రంగి ఆమె చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.